రక్తపిశాచి తనను తాను ఏమంటాడు?

ప్రశ్న:
స్నేహితులం కలిసి ‘వాంపైర్: ది మాస్కరేడ్’ ఆడుతున్నాం. 1991లో వైట్ వుల్ఫ్ సంస్థ తెచ్చిన ఆట, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలేస్తూ కథ నడపాలి. నా పాత్ర షికాగో వెళ్ళిన తెలుగు ఇంజనీరు. 1968లో, ముప్ఫయ్యో ఏట, అక్కడే రక్తపిశాచి అయ్యాడు. ఇప్పటికీ ముప్ఫయ్యేళ్ళవాడిలాగే ఉంటాడు. మాటలన్నీ తెలుగులోనే అని పట్టుబట్టాం. తీరా ‘నేను రక్తపిశాచిని’ అనగానే అందరూ ఒకటే నవ్వు, జానపద సినిమా డైలాగులా ఉందట. పోనీ ‘బేతాళుడు’ అంటే నప్పుతుందా?

వ్యాఖ్య:
బేతాళుడు వద్దండీ. రిచర్డ్ బర్టన్ 1870లో బేతాళ కథల్ని ఇంగ్లీషులో చెబుతూ ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ అని పేరు పెట్టాడు గానీ, మన బేతాళుడు శవంలో దూరి చెట్టుకు వేలాడేవాడు. కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడే తప్ప విక్రమార్కుడి మెడ కొరకడు.

అసలు ఆ ఆటలో వాళ్ళకి ‘వాంపైర్’ అనిపించుకోవడమే నామోషీ. తమని ‘కిండ్రెడ్’ అనుకుంటారు. దానికి నిఘంటువు తిరగేసి ‘బంధుగణం’ అని పెట్టకండి, ‘మనవాళ్ళు’ ఉండనే ఉంది. కొత్త ఊళ్ళో ఇంటిపేరు అడిగి, సొంతూరు అడిగి, గొంతు తగ్గించి ‘అయితే మనవాడేనన్నమాట’ అంటారు చూడండి, అచ్చం ఆ ధోరణి. ఏ వంశం, ఎవరు తయారుచేశారు, ఎన్నో తరం అని షికాగో పెద్దలు మీ ఇంజనీర్ని ఆరా తీసేది కూడా అలాగే కదా!

మరొకరు:
భలే. ‘మాస్కరేడ్’కి నా ఓటు ‘గుట్టు’. మనుషుల మధ్య తిరుగుతూ బయటపడకూడదన్నదే ఆ నియమం. తప్పితే గుట్టు రట్టు. మనిషిని రక్తపిశాచిగా మార్చడాన్ని ఆటలో ‘ఎంబ్రేస్’ అంటారు కదా, దానికి ‘ధృతరాష్ట్ర కౌగిలి’ అందామా?

జవాబు:
అది కుదరదు మాస్టారూ. ధృతరాష్ట్రుడు భీముణ్ణి చంపాలనే చేతులు చాచాడు, ఇనప విగ్రహం కాబట్టి సరిపోయింది. ఇక్కడ ఒంట్లో రక్తమంతా తాగేసి, ప్రాణం పోయే వేళ తన రక్తం నోట్లో పోసి వారసుణ్ణి చేసుకుంటారు. ‘చేరదీశాడు’ చాలు. ‘అరవై ఎనిమిదిలో ఆయనే నన్ను చేరదీశారు’ అన్నాడనుకోండి, పక్కనున్న మామూలు మనుషులు పాపం దిక్కులేనివాడనుకుంటారు. మనవాళ్ళకి అసలు సంగతి తెలుస్తుంది. గుట్టూ నిలుస్తుంది.

ఇంకొకరు:
వంశం ఏది బ్రదర్? వెంట్రూ అయితే ‘ఆకలి రుచెరగదు’ అన్న సామెత చెల్లదు. వాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో తరహా మనుషుల రక్తమే పడుతుంది, తక్కిందంతా కక్కేస్తారు. దానికి ‘పథ్యం’ అనండి. డబ్బూ అధికారమూ ఉన్న వంశం కాబట్టి గిట్టనివాళ్ళు ‘జలగ’ అంటారు. వడ్డీ వ్యాపారిని తిట్టే తిట్టే, కొత్తగా అల్లక్కర్లేదు.

ప్రశ్న వేసినవారు:
వెంట్రూనే. పథ్యం ఖాయం చేశా, నైట్ డ్యూటీ డాక్టర్లు మాత్రమే. ఇంకొక్క టెన్షన్, వరసలు. అరవయ్యేళ్ళాయన ‘ఏం బాబూ’ అంటే వీడేమనాలి? లెక్కకి వీడే పెద్ద.

జవాబు:
‘చెప్పండి అంకుల్’ అనాల్సిందే. కోపమొచ్చినప్పుడు మాత్రం ‘ఏవిటోయ్’ అని నోరు జారనివ్వండి. ఇంటికి ఫోన్ చేయడాన్ని ‘ట్రంకాల్’ అన్నా దొరికిపోతాడు. అలాంటి మాటలు ఓ నాలుగు రాసి ఆట నడిపేవాళ్ళకి ముందే ఇవ్వండి, ఎవరి ముందు జారాలో వాళ్ళు చూసుకుంటారు.