యూష అంటే వీరుడా, ధీరుడా?

అడిగినవారు: నిద్రపోని నాన్న

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను.

మావాడికి తొమ్మిదేళ్లు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం 'డ్రాగన్ క్వెస్ట్: డై నో దైబోకెన్' చూస్తున్నాం. 2020 అక్టోబర్‌లో మొదలై రెండేళ్లు నడిచిన జపనీసు కార్టూన్ సిరీస్, మొత్తం 100 ఎపిసోడ్లు. మేం చూసేదాంట్లో మాటలు జపనీసు, కింద ఇంగ్లీషు. వాడు ఆ వేగంతో చదవలేడు. అందుకని నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్పుకుపోతుంటాను, హరికథ లాగా.

డై అనే కుర్రాడు డెల్మురిన్ దీవిలో రాక్షసుల మధ్య పెరుగుతాడు. పెంచిన తాత బ్రాస్ కూడా రాక్షసుడే. వాణ్ని మంత్రగాణ్ని చెయ్యాలని తాత తాపత్రయం. వాడికేమో 'యూష' కావాలని. ఇంగ్లీషులో హీరో అని వేశారు, నేనూ హీరో అనేశాను. "అంటే సినిమాల్లో చేస్తాడా?" అన్నాడు మావాడు. తప్పు వాడిది కాదు, మనకి హీరో అంటే పోస్టరు మీద బొమ్మ. మర్నాటి నుంచి వీరుడు అన్నాను. బండి నడిచింది.

రోమోస్ పట్నం ఎపిసోడ్లో ఆగింది. బయట డై మొసలి సేనాని క్రొకొడైన్‌తో పోరాడుతుంటే, వాడి స్నేహితుడు పాప్ భయపడి సత్రం గదిలో ముడుచుకుని కూర్చుంటాడు. అప్పుడు మజొహ్హొ అనే ముసలి మంత్రగాడు, అదీ ఒక దొంగ యూష ముఠాలోవాడు, తన గురువు చెప్పిన మాట చెబుతాడు: "యూష తొవా, యూకి అరు మొనో." యూకి అంటే ధైర్యమట. నేను "వీరుడంటే ధైర్యం ఉన్నవాడు" అన్నాను. మావాడు 'ఆ, అయితే?' అన్నట్టు చూశాడు. నాకే చప్పగా అనిపించింది. జపనీసులో అంత గట్టిగా పేలిన మాట తెలుగులో ఎందుకు తుస్సుమంది?

ఒసాకా గోంగూర

అన్నా, ఆ వాక్యం కిటుకంతా అక్షరాల్లో ఉంది. యూష అని రాయడానికి రెండు కంజీలు, అంటే జపనీసులో వాడే చైనా అక్షరాలు. మొదటిది 'యూ', తెగువ అని. రెండోది 'ష', మనిషి అని. ఈ రెండో అక్షరాన్నే విడిగా రాస్తే 'మొనో' అని చదువుతారు. యూకిలో మొదటి అక్షరం కూడా ఆ 'యూ'నే. అంటే ఆ ముసలాయన కొత్తగా ఏమీ చెప్పడం లేదు, మాటకి విగ్రహవాక్యం చెబుతున్నాడు. విన్నవాడికి 'అరే, ఇన్నాళ్లూ ఈ మాట వాడుతూ లోపలికి చూడలేదే' అనిపించాలి. వీరుడులో ధైర్యం అనే మాట కనపడదు కదా, అందుకే తుస్సు.

పేరులో కూడా ఇలాంటి ఆటే ఉంది. డై కుర్రాడి పేరు, దైబోకెన్‌లో 'దై' అంటే పెద్ద. జపనీసులో రెండూ ఒకటే ఉచ్చారణ. ఇది మాత్రం తెలుగులోకి రాదు, వదిలెయ్యి.

పాత జాయ్‌స్టిక్

ఒక సంగతి మర్చిపోకండి. యూష ఇక్కడ ఉత్త పొగడ్త కాదు, హోదా. ఈ కథకి మూలం 1986లో ఫ్యామికామ్ అనే వీడియో గేమ్ యంత్రానికి వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' గేమ్. 1988 నాటి మూడో గేమ్‌లో యోధుడు, మంత్రగాడు, వర్తకుడు అంటూ వృత్తులుంటాయి. అందులో యూష కూడా ఒక వృత్తే, కాకపోతే ముఖ్యపాత్రకి తప్ప ఇంకెవరికీ దొరకదు. డైకి గురువుగా వచ్చే అవాన్ కూడా తన పని యూషలని తయారుచెయ్యడం అని చెప్పుకుంటాడు, ఇంటికొచ్చి చెప్పే ట్యూషన్ మాస్టారు! కాబట్టి మీరు ఏ మాట పెట్టినా పదవిలా పలకాలి. "నువ్వు పెద్దయ్యాక ఏమవుతావురా?" అంటే జవాబుగా నప్పాలి.

పద్యాల పిచ్చి

నాయనా, నేను కార్టూన్లు చూడను, మాట గురించి మాత్రం చెబుతాను. ధీరుడు అనండి. ధీరుడి భావం ధైర్యం, శూరుడి భావం శౌర్యం అయినట్టే. కాబట్టి "ధీరుడంటే ధైర్యం ఉన్నవాడు" అన్నప్పుడు మీరు చెప్పిన విగ్రహవాక్యం దానంతటదే వచ్చేస్తుంది. వీరుడికి అలా చేస్తే వీర్యం వస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లాడి ముందు ఆ చిక్కు మీకెందుకు?

'ఆరంభింపరు నీచమానవులు' పద్యం బళ్లో చదువుకునే ఉంటారు. మూడో పాదం 'ధీరుల్ విఘ్ననిహన్యమాను లగుచున్' అని మొదలవుతుంది. అడ్డంకులు వచ్చి మీద పడి కొడుతున్నా మొదలుపెట్టిన పని వదలనివాళ్లు ధీరులు. యుద్ధంలో గెలిచినవాళ్లని అనలేదు చూడండి. దెబ్బలు తింటున్నవాళ్లనే అన్నారు.

నిఘంటువు పురుగు

మాస్టారూ, మీతో వాదించాలంటే భయమే, అయినా తప్పదు. అమరకోశంలో ధీరుడు ఎక్కడున్నాడు? 'ధీరో మనీషీ జ్ఞః ప్రాజ్ఞః' అంటూ పండితుల వరసలో ఉన్నాడు. ధీ అంటే బుద్ధి. ఆలోచించి నిలబడేవాడు ధీరుడు. మజొహ్హొ దానికి పూర్తిగా ఎదురు చెబుతాడు. అసలైన ధైర్యం లెక్కలు వెయ్యదనీ, ఎదుటివాడి బలం చూసి బయటికి తీసి లోపల దాచుకునేది ధైర్యమే కాదనీ ఆ తర్వాతి మాట. దీనికి తెలుగులో ఒకటే పేరు, తెగువ. నేర్పు ఉన్నవాడు నేర్పరి, తెగువ ఉన్నవాడు తెగువరి. "తెగువరి అంటే తెగువ ఉన్నవాడు." సంస్కృతం అక్కర్లేదు. పైగా ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది, ధీరుడిలా చివర డు తగిలించుకుని కూర్చోదు. యూష కూడా అంతే, అందులో ఆడా మగా లేదు.

పద్యాల పిచ్చి

అమరం సంగతి ఒప్పుకున్నాను. కానీ వాడుకలో ధీరుడంటే పండితుడని ఎవరనుకుంటున్నారమ్మా? తెగువరి మంచి మాటే, నాకూ ఇష్టమే. అయితే ఆ పిల్లాడికి దాన్ని కూడా విడమరిచి చెప్పాల్సి వస్తుంది. తెగించినవాడికి తెడ్డే లింగం అన్న సామెత కూడా మనదే.

ఒసాకా గోంగూర

కథ చివరిదాకా చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి, ముఖ్యమైన గుట్టు విప్పుతున్నాను.

అవాన్ శిష్యుల మెడలో ఒక్కో రాయి ఉంటుంది. చివర్లో అవి వెలగాలి, ఎవరి రాయి వాళ్ల మనసులోని గుణంతో. మామ్‌ది కరుణ, హ్యుంకెల్‌ది పోరాటపటిమ, లియోనాది న్యాయం. డై రాయి ఏ గుణంతో వెలుగుతుంది? ధైర్యం అనుకుంటాం, యూష కదా. కాదు, స్వచ్ఛమైన మనసుతో. యూకి గుణం పాప్‌ది! సత్రంలో దాక్కున్నవాడిది. అందరిలోకీ ఆఖరున వెలుగుతుంది, తనది వెలగడం లేదని అంతదాకా వాడు కుమిలిపోతాడు. డై తండ్రి డ్రాగన్ యోధుడు, పాప్ తండ్రి ఆయుధాల కొట్టువాడు. యూష అనే మాటలోని మొదటి అక్షరం ఈ కొట్టువాడి కొడుకు దగ్గర దొరుకుతుందన్నమాట.

అందుకే అన్నా, ధీరుడు–ధైర్యం పెట్టినా తెగువరి–తెగువ పెట్టినా నాకు అభ్యంతరం లేదు. జంట మాత్రం విడగొట్టకు. ఇప్పుడు వీరుడు అని, అక్కడ ధైర్యం అంటే, ఎన్నో ఎపిసోడ్ల తర్వాత అందాల్సింది పిల్లాడికి అందదు.

గోదారి గట్టు

మొదట పారిపోయి తర్వాత నిలబడ్డవాడా? అయితే మన ఉత్తర కుమారుడే. కౌరవసేనని చూసి రథం దిగి పరిగెత్తితే, బృహన్నల వెంటపడి పట్టుకొచ్చింది. ఉత్తర కుమార ప్రగల్భాలు అని మనం ఈనాటికీ వెక్కిరిస్తాం గానీ, మళ్లీ రథమెక్కి అర్జునుడికి సారథ్యం చేసింది ఆ పిల్లాడే. ఆ సగానికి సామెత పుట్టలేదు పాపం.

నిద్రపోని నాన్న

అందరికీ థాంక్స్. నిఘంటువు అక్కా, తెగువరి నాకు నచ్చింది, కానీ మాస్టారు చెప్పిందే జరిగింది. వాడికి చెబితే "తెలుగు పేరా అది?" అన్నాడు, సిగ్గుపడ్డాను. ధీరుడు మాత్రం ఒక్కసారికే పట్టుకున్నాడు.

నిన్న సత్రం ఎపిసోడ్ మళ్లీ వేశాను. మజొహ్హొ నోరు తెరవగానే "ధీరుడంటే ధైర్యం ఉన్నవాడు" అన్నాను. మావాడు దిండు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. "మరి పాప్ ధీరుడు కాదు కదా నాన్నా, పారిపోయాడుగా" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. ఇంకా చాలా ఎపిసోడ్లున్నాయి.