1836 నాటి ‘రెవిజోర్’ ప్రతి అంటున్నాడు, నమ్మొచ్చా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. రష్యన్ హాస్యనాటకాల తొలి ముద్రణల కోసం నాలుగేళ్లుగా వెతుకుతున్నా. ఇంతవరకు చేతికి దక్కింది ఒక్కటే, చెహోవ్ ‘విష్న్యోవీ సాద్’ (చెర్రీ తోట), మార్క్స్ అనే ప్రచురణకర్త 1904లో వేసింది (చెహోవ్ దాన్ని కామెడీ అనే అన్నాడు కాబట్టి లెక్కలోకి వేసుకున్నా). ఇప్పుడు బయటి దేశం అమ్మకందారు ఒకాయన గోగోల్ హాస్యనాటకం ‘రెవిజోర్’ (తనిఖీ అధికారి) 1836 ప్రతి ఉందంటున్నాడు. తోలు బైండింగు, అసలు కాగితపు అట్ట లేదు. ఆ ధరకి కొత్త కారొస్తుంది, అయినా చవకేనట! ఫొటోలు పది పంపాడు. ఏమేం చూడాలి?

పాతకాగితం:
అట్ట లేదని కంగారు పడకండి. ఆ రోజుల్లో కాగితపు అట్టతో అమ్మేవాళ్లు, కొన్నవాళ్లు తోలు బైండింగు చేయించుకుని అట్ట పారేసేవాళ్లు.

లితేయ్‌నీ_రాము:
ఉద్యోగరీత్యా పీటర్స్‌బర్గ్‌లో ఆరేళ్లున్నా. అక్కడి లితేయ్‌నీ ప్రాస్పెక్ట్ అనే వీధిలో పాత పుస్తకాల కొట్టు పెద్దాయన ఒకటే చెప్పేవాడు: పేరుపేజీ ఆఖర్న చూడు, ముందు నాటకం చదువు. పేరుపేజీ అంటే ఒక్క కాగితం, ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించొచ్చు. లోపలి మాటలు మార్చడం అంత తేలిక కాదు.

‘రెవిజోర్’ 1836 ఏప్రిల్ 19న అలెక్సాంద్రీన్‌స్కీ థియేటర్లో మొదటిసారి ఆడింది. ఆ ఏడే ప్ల్యుషార్ ప్రెస్‌లో అచ్చయింది. నాటకం ముందు ‘మూతి వంకరైతే అద్దాన్ని తిట్టి ఏం లాభం’ అనే సామెత ఉంటుంది చూశారూ, మన ‘ఆడలేక మద్దెల ఓడు’కి చుట్టం, అది 1836 ప్రతిలో ఉండకూడదు. చివర్లో మేయరు ‘ఎవర్ని చూసి నవ్వుతున్నారు? మిమ్మల్ని మీరే!’ అనే మాటా ఉండకూడదు. రెండూ 1842 నాటి గోగోల్ రచనల సంపుటాల్లో చేరినవి.

పాతకాగితం:
అబ్బ, ఇది నాకూ తెలీదు రాముగారూ. నేను గ్రంథాలయం ముద్రల సంగతి చెబుతా. 2022 నుంచి యూరప్ గ్రంథాలయాల్లో పుష్కిన్, గోగోల్ తొలి ముద్రణలు వరసగా మాయమయ్యాయి. దొంగలు చదువుకోడానికని అడిగి తీసుకుని, వాటి స్థానంలో నకలు పెట్టి వెళ్లిపోయారు. 2024లో యూరోపోల్ (యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ) చెప్పిన లెక్క కనీసం 170 పుస్తకాలు. అందుకని గ్రంథాలయం ముద్ర గీకేసిన గుర్తు గానీ, ఆ చోట అతుకు గానీ కనిపిస్తే ధర ఎంతైనా వదిలేయండి. ఇదివరకు ఎవరి చేతుల్లో ఉందో కాగితాలు అడగండి.

వేపచెట్టు:
నాకు అచ్చు ప్రతులకంటే చేతిరాతవే ఇష్టం. గ్రిబయేదొవ్ హాస్యనాటకం ‘గోర్యె అత్ ఉమా’ (తెలివి తెచ్చిన తిప్పలు) 1824లోనే పూర్తయినా సెన్సార్ వదల్లేదు. ఆయన 1829లో టెహ్రాన్‌లో చనిపోయాడు, పుస్తకం మాస్కోలో 1833లో వచ్చింది, అదీ కోతలతో. ఈలోగా జనం చేత్తో రాసుకుని పంచుకున్నారు. నా దగ్గర అలాంటి ప్రతి ఒకటుంది. కాగితాన్ని దీపానికి అడ్డం పెడితే మిల్లు వేసిన నీటిగుర్తులో సంవత్సరం కనిపిస్తుంది. రాసినాయనకి సిరా తక్కువైందో ఓపిక తక్కువైందో, నాలుగో అంకంలో అక్షరాలు చీమలంత అయిపోయాయి.

లితేయ్‌నీ_రాము:
రష్యాలో కొనేవాళ్లకి ఒక మాట. వందేళ్లు దాటిన పుస్తకం అక్కడి సాంస్కృతిక శాఖ అనుమతి లేకుండా బయటికి రాదు. సూట్‌కేసులో బట్టల కింద పెట్టి తెచ్చేద్దాం అనుకోవద్దు.

గోదారిగట్టు:
రాముగారూ, మూడో ఫొటో పెద్దది చేసి చూశా. పేరుపేజీ వెనకే అద్దం సామెత, నిక్షేపంలా ఉంది! ఏ 1842 సంపుటంలోంచో నాటకం విప్పి, కొత్త పేరుపేజీ తగిలించారేమో. చివరి పేజీ ఫొటో అడిగా, నాలుగు రోజులైంది, జవాబు లేదు. కారు డబ్బు మిగిలింది. వేపచెట్టుగారూ, మీ చేతిరాత ప్రతి అమ్ముతారా?

వేపచెట్టు:
అమ్మను. చూడ్డానికి రండి, టీ ఇస్తా. టీ కప్పు మాత్రం వేరే గదిలో.