ఆర్టీసీ విలీనం: ముందు కొలువు భద్రత కావాలా, సంఘం ఎన్నికలు కావాలా?

శ్రామిక్‌గంట (చర్చ ప్రారంభం, జూన్ 2025)

మే 7 నుంచి జరగవలసిన తెలంగాణ ఆర్టీసీ సమ్మె మంత్రితో చర్చల తరువాత వాయిదా పడింది, ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ కూడా వేశారు. మా డిమాండ్లలో ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేయడం ఒకటి, డిపోలలో సంఘాలను మళ్లీ గుర్తించి ఎన్నికలు జరపడం మరొకటి. రెండూ కావాలని అందరూ అంటున్నారు కానీ, ఈ రెండూ ఒక ఒరలో ఇమడవని చెప్పేవారు కనబడటం లేదు.

విలీనం చేయాలని 2023 జూలై 31న మంత్రివర్గం నిర్ణయించింది, ఆగస్టు 6న శాసనసభ బిల్లు ఆమోదించింది, ఆ తరువాత గవర్నర్ సంతకమూ అయింది. అప్పుడు లెక్కలో ఉన్నవారు 43,373 మంది. చట్టం ఉంది, అమలు తేదీ మాత్రం లేదు. నా ఉద్దేశంలో ఆ తేదీ కోసం తొందరపడటమే పొరపాటు. ఈరోజు నేను కార్మికుడిని, పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం సమ్మె నోటీసు ఇస్తే కార్మిక శాఖ కమిషనర్ ఎదుట యాజమాన్యం వచ్చి కూర్చోవలసిందే. రేపు ప్రభుత్వోద్యోగిని అయితే నాకు ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది, అందులో సమ్మెకు చోటు లేదు. తమిళనాడు ఉద్యోగుల కేసులో 2003లో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కే లేదని తీర్పు చెప్పింది. 2015 మేలో ఎనిమిది రోజుల సమ్మెతో 44 శాతం ఫిట్‌మెంట్ (జీతాల పెంపు) తెచ్చుకున్నాం. శాఖలో కలిశాక అలాంటి ఎనిమిది రోజులు మనకు మళ్లీ దొరుకుతాయా?

టిమ్‌మిషన్

గంట అన్నా, మీరు గ్యారేజీలో ఉన్నారు, నేను కండక్టరుగా బస్సులో ఉన్నాను, కాబట్టి మనకు కనబడే లోకాలు వేరు. మీరు 2015 గురించే రాశారు, 2019ని దాటేశారు. అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు సాగింది, నవంబరు 25న ఏ ఒక్క డిమాండూ నెరవేరకుండానే విరమించారు. సెప్టెంబరు జీతం కూడా చేతికి రాకుండానే మేము గేటు బయట నిలబడ్డాం. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, నా పుస్తెలతాడు కుదువకొట్టుకు వెళ్లింది. ‘మీ అంతట మీరే ఉద్యోగాలు వదులుకున్నారు’ అన్న మాట ముఖ్యమంత్రి నోట విన్న రోజున మా అత్తగారు అన్నం తినలేదు.

ప్రభుత్వోద్యోగిని అలా ఒక్క మాటతో ఇంటికి పంపగలరా? సమ్మె హక్కు ఉన్నందుకు మాకు మిగిలింది ఆ మాట. ఆ హక్కు మీరే ఉంచుకోండి, నాకు ఒకటో తేదీన ట్రెజరీ నుంచి జీతం పడితే చాలు.

పాతదస్త్రం

చిన్న సవరణ. దీనిని ‘విలీనం’ అనడమే చారిత్రకంగా తప్పు. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1958 జనవరి 11న కార్పొరేషన్ ఏర్పడే వరకు ఇది ప్రభుత్వ విభాగమే. కాబట్టి ఇది విలీనం కాదు, పుట్టింటికి తిరిగి రావడం.

శ్రామిక్‌గంట

టిమ్‌మిషన్ గారూ, మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు, కానీ మీరు అడిగిన ప్రశ్నే మీ వాదానికి అడ్డం వస్తోంది. తమిళనాడులో 2003లో ఇంటికి పంపినది ఎవరిని? ట్రెజరీ జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగులను, లక్షకు పైగా మందిని, ఒక్క ఆర్డినెన్సుతో. ప్రభుత్వోద్యోగం గొడుగు లాంటిదని మీరు అనుకుంటున్నారు, గాలివాన వస్తే అదీ తిరగబడుతుంది.

కృష్ణాతీరం

నేను ఆంధ్రప్రదేశ్‌లో డ్రైవరును, 2020 జనవరి 1 నుంచి ప్రజా రవాణా శాఖ ఉద్యోగిని. ఇక్కడ ఊహలు రాసేవారే ఎక్కువగా ఉన్నారు కనుక అనుభవించినవాడిగా రెండు మాటలు చెబుతాను.

జీతం సమయానికి వస్తోంది, ఇది నిజం. పదవీ విరమణ వయసు 62 అయింది, ఇదీ నిజమే. పాత పింఛను మాత్రం రాలేదు, ఈపీఎఫ్ పింఛనుతోనే ఉన్నాం. ఇక వైద్యం సంగతి. కార్పొరేషన్‌లో ఉన్నప్పుడు మా ఆసుపత్రి డాక్టరు రెఫర్ చేసి కాగితం ఇస్తే పెద్ద ఆసుపత్రిలో పరిమితి లేకుండా చూసేవారు. విలీనమయ్యాక హెల్త్ కార్డు ఇచ్చారు. మా నాన్నకు గుండె నొప్పి వచ్చిన రాత్రి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆ కార్డు చూపిస్తే, కౌంటరులో ఉన్న కుర్రవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముందు అడ్వాన్సు కట్టండి, తరువాత బిల్లు పెట్టుకోండి అన్నాడు. అప్పు చేసి కట్టాను. విలీనం వద్దని నేను అనను, కానీ అందులో ఏముందో చదవకుండా సంతకం పెట్టకండి.

సమ్మె విషయంలో గంట గారు భయపెడుతున్నంత లేదు. నిషేధం ఉన్నప్పుడే 2013లో రాష్ట్ర విభజన వద్దని సీమాంధ్ర ఎన్జీవోలు (నాన్‌గెజిటెడ్ ప్రభుత్వోద్యోగులు) రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. 2022 ఫిబ్రవరిలో పీఆర్సీ (వేతన సవరణ) విషయంలో ఉద్యోగ సంఘాలు సమ్మెకు సిద్ధమైతే, అప్పటికే శాఖలో కలిసిన మేము కూడా వస్తామన్నాం. సర్కారు దిగివచ్చి మాట్లాడింది. హక్కు కాగితం మీద లేకపోయినా బలం ఉంటే పని జరుగుతుంది.

శ్రామిక్‌గంట

2013 నాటి సమ్మె వెనుక ఒక ప్రాంతమంతా నిలబడింది. ఒక డిపోలో కండక్టరుకు అన్యాయంగా చార్జిషీటు ఇచ్చినప్పుడు ఏ ప్రాంతం కదులుతుంది? నేను మాట్లాడుతున్నది ఆ రోజువారీ బలం గురించి. 2016లో జరిగిన గుర్తింపు ఎన్నికల తరువాత మళ్లీ ఎన్నికలు లేవు. 2019 డిసెంబరులో రెండేళ్లు సంఘాలే వద్దన్నారు, డిపోలలో సంక్షేమ కమిటీలు పెట్టారు. డిపో మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని ‘ఈ డబుల్ డ్యూటీ కుదరదు’ అని చెప్పేవాడు లేక ఐదేళ్లయింది.

చట్టంచదివినవాడు

పారిశ్రామిక వివాదాల చట్టం పోతుందని గంట గారు తేల్చేసినంత సులువు కాదు. 1978లో బెంగళూరు నీటి సరఫరా కేసులో సుప్రీంకోర్టు, యజమాని ఎవరన్నది కాక చేసే పని స్వభావాన్ని బట్టి ‘పరిశ్రమ’ను నిర్వచించింది. ప్రభుత్వ శాఖ బస్సులు నడిపినా అది రాజ్యాధికార నిర్వహణ కాదు, కాబట్టి ‘పరిశ్రమ’ కిందికే వస్తుంది.

శ్రామిక్‌గంట

అది నిరూపించుకోవడానికి ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగాలో కూడా చెప్పండి.

చట్టంచదివినవాడు

అది వేరే ప్రశ్న. నేను చట్టం పోదని మాత్రమే అన్నాను.

చివరిట్రిప్పు

నేను ప్రయాణికుడిని, మండల కేంద్రానికి 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో బడి పంతులును. ఆడవారికి ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైనప్పటి నుంచి మా ఆడపిల్లలు జీరో టికెట్టుతో కళాశాలకు వెళుతున్నారు, సంతోషం. కానీ రాత్రి ఏడున్నరకు వచ్చే పల్లెవెలుగు ఆగిపోయింది. డ్రైవర్లు లేరంటారు. మీరు శాఖ అవుతారో కార్పొరేషన్‌గానే ఉంటారో నాకు అనవసరం, ఖాళీలలో మనుషులను నింపాలని మీ డిమాండ్లలో ఎన్నో అంకె మీద ఉందో చెప్పగలరా?

టిమ్‌మిషన్

మాస్టారూ, ఆ జీరో టికెట్లు కొట్టేది మేమే. 55 సీట్ల బస్సులో వందమంది ఉంటే ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో మిషన్ నొక్కుతూ, ప్రతి ఆధార్ కార్డూ చూసి, స్టేజీ దాటేలోగా టికెట్టు ఇవ్వాలి. ఒక్క జీరో టికెట్టు తప్పితే చెకింగులో నా మీదే కేసు. ఆ టికెట్ల డబ్బు సంస్థకు కట్టేది ప్రభుత్వమే అయినప్పుడు నన్ను ప్రభుత్వోద్యోగి కాదనడంలో అర్థమేమిటి?

ఇక గంట అన్నతో నేరుగా ఒక మాట. మీరు ఎన్నికలు ముందు అనడం వెనుక ఉన్నది సమ్మె హక్కు కాదు, సంఘం కుర్చీ. 2019 నవంబరు 5 అర్ధరాత్రిలోగా డ్యూటీలో చేరాలని గడువు పెట్టిన రోజున మా డిపో గేటు దగ్గర ‘ఎవరూ సంతకం పెట్టవద్దు, రెండు రోజుల్లో దిగివస్తారు’ అన్నది సంఘం వాళ్లే. నేను నమ్మాను. ఇరవై రోజుల తరువాత ‘డ్యూటీలకు వెళ్లండి’ అన్నప్పుడు మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. ఆ 52 రోజుల జీతం చివరకు వచ్చింది, దాన్ని కూడా సంఘం కొట్లాడి తెచ్చింది కాదు, ముఖ్యమంత్రి మమ్మల్ని పిలిచి భోజనం పెట్టి ఇస్తానన్నది. అలాంటి సంఘం కోసం నేను ట్రెజరీ జీతం వదులుకోవాలా?

శ్రామిక్‌గంట

ఆ గేటు దగ్గర మాట్లాడినవారిలో నేనూ ఒకడిని. మీ డిపో కాకపోవచ్చు, మాట మాత్రం అదే. దిగివస్తారని నిజంగానే నమ్మాను. విరమించేటప్పుడు డిపోల్లో ఓటు పెట్టి ఉండవలసింది, పెట్టలేదు. ఆ తప్పుకు మందు ఎన్నికలే కానీ, ఎన్నికలు లేకపోవడం కాదు. సంఘం చెడ్డదైతే ఓడించండి. ప్రభుత్వం దయతో భోజనం పెట్టిన రోజునే సంఘాలు వద్దని కూడా చెప్పిందని మీరు మరచిపోతున్నారు.

అద్దెబండి

ఇన్ని రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. నేను మొదట అద్దె బస్సు డ్రైవరును, ఇప్పుడు ఒక కంపెనీ ఎలక్ట్రిక్ బస్సు నడుపుతున్నాను. బస్సు కంపెనీది, నేను కంపెనీ మనిషిని, కండక్టరు ఆర్టీసీ మనిషి, సంస్థ కంపెనీకి కిలోమీటరు చొప్పున కడుతుంది. 2019లో ఆ 52 రోజులూ బండి నడిపినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒకచోట అద్దం మీద రాయి పడింది, కనుబొమ్మ మీద ఆ గాటు ఇంకా ఉంది.

మీ 43,373లో నేను లేను. టిమ్‌మిషన్ అక్క అడిగే ట్రెజరీ జీతంలో నేను లేను, గంట అన్న అడిగే ఎన్నికల్లోనూ నాకు ఓటు లేదు. కొత్తగా వచ్చే బస్సులు ఎక్కువగా మా పద్ధతిలోనే వస్తున్నాయి. మీరు ఇద్దరూ పంచుకుంటున్న ఇల్లు ఏటేటా చిన్నదవుతోంది.

టిమ్‌మిషన్

తమ్ముడూ, రాయి వేసినవాళ్లు తప్పు చేశారు. కానీ మేము గేటు బయట ఎండలో కూర్చున్నప్పుడు మా ముందు నుంచే బండి తీసుకువెళ్లిన సంగతి నేను మరచిపోలేను. మీరు పరీక్ష రాసి, ఎంపికై వచ్చినవారు కాదు. అందరినీ కలపాలంటే ప్రభుత్వం ఎవరినీ కలపదు.

అద్దెబండి

అక్కా, అదే రూటు, అదే బస్సు. బ్రేకు ఫెయిలైతే ఇద్దరం కలిసే పోతాం. నేను ఆ 52 రోజులూ ఇంట్లో కూర్చుంటే ఓనరు వేరేవాడిని పెట్టుకునేవాడు, మీకు పోయిందన్న ఉద్యోగం తిరిగి వచ్చింది, నాది వచ్చేది కాదు. సమ్మెకు ముందు మీ సంఘం నుంచి ఒక్కరైనా మా దగ్గరకు వచ్చి ‘మీరూ రండి’ అన్నారా?

పాతదస్త్రం

1932లో ఆ 166 మందిలో అద్దె డ్రైవర్లు ఎవరూ లేరు.

కృష్ణాతీరం

దస్త్రం గారూ, దయచేసి ఇప్పుడు వద్దు.

అద్దెబండి చెప్పింది మా వైపు కూడా నిజమే. మేము శాఖలో కలిసిన రోజున స్వీట్లు పంచుకున్నాం. మా డిపోలోనే నిలిపి ఉన్న అద్దె బస్సుల డ్రైవర్లు గోడకు ఆనుకుని చూస్తూ ఉన్నారు. స్వీటు ఇవ్వబోతే ఒకాయన తీసుకోలేదు. షుగర్ ఉందేమో అనుకున్నాను అప్పుడు.

శ్రామిక్‌గంట

రెండు రోజులు జవాబు రాయలేదు, రాయడానికి ఏమీ తోచలేదు. నేను సమ్మె హక్కు అంటున్నాను, బస్సు నడిపేవారిలో ఎంతోమందికి ఆ హక్కు గురించి అడిగే సంఘమే లేనప్పుడు నా నోటీసుకు విలువెంత? సమ్మె నాడు బండ్లు ఆగకపోతే అది సమ్మె కాదు. ఇది దయ కాదు, నా స్వార్థమే. అద్దెబండి తమ్ముడూ, మా సంఘం సభ్యత్వ ఫారం పంపుతాను, నింపి ఇవ్వండి.

టిమ్‌మిషన్

ఇదిగో, మళ్లీ సంఘమే. అయినా ఒకటి ఒప్పుకుంటాను. నా డ్రైవరుకు జీతం రాని నెలలో నాకు ట్రెజరీ జీతం వస్తే అతని పక్కన కూర్చుని పనిచేయడం సుఖంగా ఉండదు. కానీ నేను విలీనం అడగడం మానను.

అద్దెబండి

ఫారం చూశాను అన్నా. అందులో రెండో గడి ‘స్టాఫ్ నంబరు’. నాకు అది లేదు.

శ్రామిక్‌గంట

ఆ గడి కొట్టివేసి ఇవ్వండి. ఆదివారం కమిటీలో నేను పెడతాను.

టిమ్‌మిషన్

కమిటీ ఏమన్నదో ఇక్కడే రాయండి అన్నా. ఒప్పుకోకపోయినా రాయండి.