టాప్ లోడ్ మెషిన్‌లో ఉతుకు మధ్యలో మళ్లీ నీళ్లు ఎక్కుతున్నాయి: సెన్సారా, బోర్డా?

ప్రశ్న

6.5 కిలోల టాప్ లోడ్, ఫుల్లీ ఆటోమేటిక్. బోరు నీళ్లు. పెట్టిన లెవల్ దాకా నీళ్లు పట్టి ఆగుతుంది, ఉతకడం మొదలవుతుంది. ఓ పది నిమిషాలకు మళ్లీ నీళ్లు పోస్తుంది. ఉతుకు అయ్యేసరికి టబ్బు అంచు దాకా నిండుతోంది. డ్రెయిన్, స్పిన్ బాగానే ఉన్నాయి, ఎర్రర్ కోడ్ ఏదీ రావట్లేదు. వచ్చిన టెక్నీషియన్ పీసీబీ (మెషిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) మార్చాలన్నారు. నీటి మట్టం చూసే సెన్సార్‌లో రెండు చివర్లా ఉన్న పిన్నుల మధ్య మల్టీమీటర్ 22 ఓమ్‌లు చూపిస్తోంది. బోర్డు కొనే ముందు ఇంకేం చూడాలండి?

జవాబు 1

నీళ్లు పడుతుండగా ప్లగ్ పీకి చూడండి. అయినా ధార ఆగకపోతే నీళ్లు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్‌లో ఇసుకో సున్నమో ఇరుక్కుని మూసుకోవట్లేదని అర్థం. అప్పుడు సెన్సార్‌తోనూ బోర్డుతోనూ పనే లేదు. డ్రెయిన్ పైపు కిందికి జారి ఉందేమో కూడా చూడండి, నీళ్లు వచ్చినవి వచ్చినట్టే పోతే మళ్లీ మళ్లీ పోస్తుంది. సెన్సార్ పైపులోకి ఊదితే టిక్ మనాలి. అనకపోతే సెన్సార్ పోయినట్టే.

జవాబు 2

వాల్వ్ పరీక్ష సరైనదే. మిగతా రెండూ ఇక్కడ పనికిరావు. నీళ్లు పోతుంటే టబ్బు అంచు దాకా ఎలా నిండుతుంది? పైగా పంపు లేకుండా వాల్వ్‌తో వదిలే టాప్ లోడ్‌లకు డ్రెయిన్ పైపు నేలమీదే ఉండాలి. టిక్ శబ్దం పాతరకం ప్రెజర్ స్విచ్‌లదే. ఇప్పటి మూడు పిన్నుల సెన్సార్‌లో కాయిల్, దాని మధ్య కదిలే ఫెర్రైట్ (అయస్కాంత పదార్థం) ముక్క ఉంటాయి, మంచిదైనా చప్పుడు చేయదు.

అసలు నీళ్లు సెన్సార్‌ను తాకవు. టబ్బు అడుగున ఒక గాలి గది, అక్కడి నుంచి పైన ప్యానెల్ దాకా సన్నటి పైపు. నీళ్లు పెరిగేకొద్దీ అందులో చిక్కుకున్న గాలి సెన్సార్‌లోని డయాఫ్రమ్‌ను (పల్చటి పొరను) నొక్కుతుంది, ఫెర్రైట్ ముక్క కదిలి, బోర్డుకు అందే సిగ్నల్ ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. టబ్బు ఖాళీగా ఉంటే చాలా మోడళ్లలో 25, 26 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 30 సెంటీమీటర్ల నీళ్లకు వచ్చే ఒత్తిడి 3 కిలోపాస్కల్స్ లోపే, అందుకే సూది బెజ్జమంత లీకు చాలు.

మీ లక్షణం చూస్తే గాలి మెల్లగా పోతోంది. పోయేకొద్దీ నీళ్లు తగ్గాయనుకుని బోర్డు వాల్వ్ తెరుస్తుంది. డ్రెయిన్ అయ్యాక గాలి గదిలోకి మళ్లీ గాలి చేరుతుంది కాబట్టి తర్వాతి ఉతుకు మొదట్లో మామూలుగానే ఉంటుంది. గాలి గది సబ్బు మడ్డితో పూడుకుపోతే కథ వేరు: మొదటిసారే లెవల్ దాటి నిండుతుంది, లేదా టబ్బు ఖాళీ అయినా నీళ్లున్నాయనుకుని డ్రెయిన్ ఎర్రర్ ఇస్తుంది. కాయిల్ తెగినా, వైరు ఊడినా సాధారణంగా కోడే వస్తుంది (ఎల్‌జీలో పీఈ, శామ్‌సంగ్‌లో 1సీ). మీ 22 ఓమ్‌లు సరిపోయే విలువే. కానీ డయాఫ్రమ్ చిల్లు మల్టీమీటర్‌కు కనబడదు.

ప్లగ్ తీసి, టబ్బులో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, పైపును సెన్సార్ దగ్గర ఊడదీసి నోటితో మెల్లగా ఊదండి. టబ్బులో బుడగలు వస్తే దారి బాగుంది. సెన్సార్ తగిలించి ఉండగా మాత్రం ఊదొద్దు, కంప్రెసర్ అసలే వద్దు, డయాఫ్రమ్ చిరుగుతుంది. తర్వాత పైపును రెండు వైపులా తీసి, ఒక చివర మూసి, బకెట్ నీళ్లలో ముంచి ఊదండి, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. సెన్సార్ పరీక్షకు 4 మిల్లీమీటర్ల అక్వేరియం గాలి పైపు చాలు. యూ ఆకారంలో వంచి నీళ్లు పోసి, ఒక చివర సెన్సార్ ముక్కుకు బిగుతుగా తొడిగి, రెండో కొమ్మను పైకెత్తి నీటి మట్టాల మధ్య 20 సెంటీమీటర్ల తేడా తెచ్చి పెన్నుతో గుర్తు పెట్టండి. పది నిమిషాల్లో తేడా తగ్గితే, తొడిగిన చోట కారట్లేదని చూసుకుని, సెన్సార్ మార్చండి.

బోర్డు ఆన్‌లో ఉండగా ఫ్రీక్వెన్సీ కొలవాలని చూడొద్దు. చాలా బోర్డుల్లో ఆ 5 వోల్టుల సర్క్యూట్ కూడా మెయిన్స్ నుంచి వేరుగా ఉండదు, షాక్ కొడుతుంది.

ప్రశ్న వేసినవారు

ప్లగ్ తీస్తే నీళ్లు ఆగాయి. టబ్బులో బుడగలు వచ్చాయి. సెన్సార్ దగ్గర మట్టం కదల్లేదు. పైపును బకెట్‌లో ముంచితే, క్యాబినెట్ రేకు అంచుకు ఒరుసుకునే చోట సన్నగా బుడగలు వస్తున్నాయి. టేపు చుడితే సరిపోతుందా?

జవాబు 2

టేపు నిలవదు, టబ్బు ఊగుతుంటే వదులవుతుంది. జిగురు లోపలికి కారితే దారి మూసుకుపోతుంది. అదే లోపలి వ్యాసం ఉన్న కొత్త పైపు వేసి, రెండు చివర్లా క్లిప్పులు పెట్టండి. రేకు అంచుకు తగలకుండా పక్కకు కట్టండి, టబ్బు కదలడానికి కాస్త వదులు ఉంచండి, కానీ కిందికి వేలాడే వంపు ఉండకూడదు, అందులో తేమ చేరి లెవల్ తప్పుగా చూపిస్తుంది. పైపు తగిలించేటప్పుడు టబ్బు పూర్తిగా ఖాళీగా ఉండాలి. నీళ్లుండగా తగిలిస్తే గాలి గది అప్పటికే నీళ్లతో నిండి ఉంటుంది, సెన్సార్ ఆ మట్టాన్నే సున్నా అనుకుంటుంది, కొత్త పైపుతో కూడా టబ్బు పొంగుతుంది.