క్వారీ ఎక్స్‌టెన్షన్ మా డొంక దాకా వస్తోంది. పాత కంప ఎలా కాపాడాలి, కొత్తగా ఏం నాటించాలి?

డొంక పక్కోడు:

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి మండలం. ఊరి పేరు రాయను, రాస్తే రేపు పొద్దున టీకొట్టు దగ్గర నాకే క్లాసు పడుతుంది. మూడెకరాల ఇరవై సెంట్లు ఎర్రనేల ఉంది నాకు. పడమటి పక్క డొంక, డొంక అవతల ఇప్పటిదాకా బీడు. ఆ బీడులోకే ఇప్పుడు గెలాక్సీ గ్రానైట్ (నల్లరాయి) క్వారీ పెరగబోతోంది.

క్వారీ వద్దని పోట్లాడే పోస్టు కాదిది. మా తమ్ముడు పాలిషింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఊళ్ళో సగం ఇళ్ళకు ఆ రాయే కూడు పెడుతోంది. నా గొడవల్లా డొంక గురించే.

డొంక అంటే పట్నం వాళ్ళకు సామెతలోనే తెలుసు. మాది నిజం డొంక. బండి చక్రాలకు కోసుకుపోయి దారి మోకాలి లోతుకు దిగింది, రెండు పక్కలా గట్టు, గట్టు మీద కంప. ఎవరూ నాటింది కాదు. వాక్కాయ, బలుసు, గచ్చ, రేగు, అక్కడక్కడా కిత్తనార. మధ్యలో కానుగలు ఏడు, వేపలు నాలుగు, తాటిచెట్లు పదకొండు. మూడు వందల మీటర్ల చిల్లర పొడవు. పోయిన శ్రావణంలో మా పాపతో వాక్కాయలకు పోతే గచ్చపొద లోపల పిగిలిపిట్ట గూడు కనిపించింది. మూడు గుడ్లు, లేత గులాబీ మీద ఎర్ర చుక్కలు. గూడు చుట్టూ గడ్డిపరకలతో పాటు మా డ్రిప్ పైపులకు కట్టిన నీలం ప్లాస్టిక్ దారం కూడా అల్లి ఉంది. పాప చెయ్యి పెట్టబోయింది, గచ్చముల్లు గీరుకుంది, ఏడ్చింది. పిట్ట ఆ పొద ఎందుకు ఎంచుకుందో అప్పుడు అర్థమైంది మా ఇద్దరికీ.

పోయిన వారం క్వారీ తరఫు మనిషి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, ఈ కంప మొత్తం తీసేసి నీట్‌గా ఫెన్సింగ్ వేస్తాం, లోపల రెండు వరసలు కోనోకార్పస్ పెడతాం, రెండేళ్ళలో గోడలా లేస్తుంది" అన్నాడు.

నాకు ఇక్కడే భయం. ఆరేళ్ళ కింద ఊరికి ఆ పక్క ఇంకో క్వారీ గుంత మొదలైనప్పుడు నాలుగు వందల మొక్కలు నాటారు. ఫోటోలు, బ్యానరు, మజ్జిగ ప్యాకెట్లు, అన్నీ జరిగాయి. పై ఏడు మే నెలలో నేనే నడిచి లెక్కపెట్టా. ముప్పై ఏడు బతికాయి. మొక్కలకు ఆసరాగా పాతిన కర్రలు మాత్రం గ్రీన్ మ్యాట్ చుట్టుకుని బ్రహ్మాండంగా నిలబడ్డాయి. మా ఊళ్ళో ఆ చోటుని ఇప్పటికీ కర్రల తోట అంటారు.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. ఆ పాత గుంత దగ్గర టిప్పర్ల దారి పక్క కానుగ ఆకు తీసుకుని బొటనవేలితో రుద్దితే తెల్లటి ముద్ద వస్తుంది. రాయి నలుపు, దాని పొడి మాత్రం తెలుపు. మా డొంక వెనక ఉన్న పొలాల్లో అంత లేదు, ఆకు పచ్చగానే ఉంటుంది. కంప ఆపుతోందని నా లెక్క.

ఇంతకీ అడిగేది: పాత కంప ఉంచమని అడిగే హక్కు నాకుందా? ఉంటే ఎవరిని, ఎప్పుడు అడగాలి? కొత్తగా నాటితే ఏం నాటమనాలి, బతికేలా ఎట్లా చేయించాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ సర్వేయర్, ఒంగోలు:

తమ్ముడూ, ముప్పై ఏళ్ళు గొలుసు లాగినవాణ్ణి. కంప సంగతి తర్వాత, ముందు డొంక ఎవరిదో కాగితం మీద చూడు. మన వైపు డొంకలు పాత రికార్డుల్లో పోరంబోకుగా, చాలాచోట్ల విడిగా సర్వే నంబరుతో ఉంటాయి. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) నకలు, గ్రామ పటం రెండూ తీసుకో. పాత ఎఫ్‌ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటే కంగారుపడకు. వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. నలభై లింకులని ఉంటే ఎనిమిది మీటర్ల డొంక. కంప గట్టు ఆ ఎనిమిది మీటర్ల లోపల ఉంటే అది క్వారీ వాళ్ళదీ కాదు, నీదీ కాదు. నరికే హక్కు వాళ్ళకు లేదు. నీ గేదెల కోసం గండి కొట్టే హక్కు నీకూ లేదు. చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

ఇంకోటి. లీజు హద్దు నుంచి లోపలికి ఏడున్నర మీటర్లు తవ్వకుండా వదలాలి. సేఫ్టీ జోన్ అంటారు, మైనింగ్ ప్లాన్ మ్యాపులో గీత గీసి ఉంటుంది. గ్రీన్‌బెల్ట్ (వాళ్ళు నాటాల్సిన చెట్ల వరస) కూడా మామూలుగా అక్కడే చూపిస్తారు. అంటే మీ కంప డొంకలో ఉంటుంది, వాళ్ళ మొక్కలు వాళ్ళ ఏడున్నర మీటర్లలో పడతాయి. ఒకటి తీసి ఇంకోటి పెట్టాల్సిన అవసరమే లేదు. ఈ మాట పట్టుకో.

పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందా లేదా అనేది లీజు ఎంతుంది, 500 మీటర్లలోపు పక్క లీజులు కలిపితే క్లస్టర్ (ఒకే గుంపు) అవుతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉంటే కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వేస్తారు, పర్యావరణ ప్రభావం మీద రిపోర్టు సారాంశం తెలుగులో పంచాయతీ ఆఫీసులో కూడా పెట్టాలి. నోటితో చెప్పు, కాగితం మీద కూడా రాసి ఇచ్చి రసీదు తీసుకో. చివర్లో మనవాళ్ళు చెప్పినవి తెలుగులో చదివి వినిపించాలి. నీ మాట అందులో వచ్చిందో లేదో విని కదులు. భోజనాలకు లేచిపోకు, చాలామంది అక్కడే దెబ్బతింటారు.

జామాయిల్ రాజా:

ఇంత ఆలోచన ఎందుకు బ్రో. సుబాబులో జామాయిలో వేయమను. నాలుగేళ్ళకి కటింగ్, పేపర్ మిల్లు వాళ్ళే వచ్చి కొంటారు. దుమ్మూ ఆగుద్ది, డబ్బులూ వస్తాయి.

డొంక పక్కోడు:

నాలుగేళ్ళకి కొట్టేస్తే ఐదో ఏడు దుమ్ము ఎవరు ఆపుతారు బ్రో? పైగా డబ్బులు వచ్చేది వాళ్ళకు, దుమ్ము వచ్చేది నాకు.

సర్వేయర్ గారికి దండాలు. నలభై లింకుల సంగతి నాకు తెలీదు.

గుంతలో మేట్:

అన్నా, నేను క్వారీలోనే మైనింగ్ మేట్‌ని, గుంతలో పని చూసుకునేవాణ్ణి. మీ ఊరు కాదులే. లోపల ఏం జరుగుతుందో చెప్తా, మళ్ళీ నా పేరు అడగొద్దు.

కంప పోయేది మేనేజర్ నిర్ణయంతో కాదు. పొక్లెయిన్ ఆపరేటర్‌కి ఎవరూ చెప్పక పోతుంది. పిల్లోడు ఎక్కడి నుంచో వచ్చుంటాడు, రాత్రి షిఫ్టు, వాడికి డొంకా తెలీదు కంపా తెలీదు, దారికి అడ్డమొచ్చింది తోసేస్తాడు. కాబట్టి మిషను దిగకముందే గీత పడాలి. రాళ్ళు పాతి, సున్నం కొట్టి, తీగ లాగాలి. మ్యాపులో గీత చాలదు, నేల మీద ఉండాలి.

చెట్టు దగ్గర ఎంత వదలాలంటే, మొద్దు ఎంత అడ్డం ఉంటే దానికి పన్నెండు రెట్లు చుట్టూ వదలమంటారు. అడుగున్నర కానుగకు పద్దెనిమిది అడుగులు. ఆ లోపల టిప్పర్ తిరగకూడదు, మట్టి పోయకూడదు. చెట్టు మొదట్లో మూడడుగులు మట్టి పోస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. వేళ్ళకు గాలాడదు, ఒకటి రెండేళ్ళలో పైనుంచి ఎండుకుంటూ వస్తుంది. అప్పుడు "దానంతటదే చచ్చింది" అంటారు.

ఎవరూ పట్టించుకోనిది ఇంకోటి ఉంది, గార్లాండ్ డ్రెయిన్. వాననీళ్ళు గుంతలోకి రాకుండా చుట్టూ తీసే కాలవ. మంచిదే, కానీ హద్దు వెంబడి తీస్తే మీ కానుగల వేళ్ళు తెగేది దాంతోనే. అది హద్దుకు దూరంగా, గుంత వైపు జరిపి తీయమని రాయించండి. అట్లాగే పైమన్ను. మొదట గీకిన ఎర్రమట్టిని వేస్ట్ రాయితో కలిపి డంపులో పోస్తే అది పోయినట్టే. విడిగా, ఎత్తు తక్కువ కుప్పగా పోయమనండి. రేపు మొక్కలకు గుంతలు నింపేది దాంతోనే. రాళ్ళ పొడిలో పెట్టిన మొక్క ఎన్నాళ్ళు బతుకుద్ది?

డంపు డొంక వైపు వద్దని, టిప్పర్ల దారి కూడా అవతలి పక్కకి పెట్టమని మొదటిరోజే అడగండి. దారి ఒకసారి పడితే మార్చరు.

నర్సరీ అక్క:

తమ్ముడూ, కోనోకార్పస్‌కు ఒప్పుకోకు. గుజరాత్‌లో 2023లో నిషేధించారు దాన్ని. పచ్చగా లేస్తుంది నిజమే, మన పిట్ట తినే పండు ఒక్కటి కాయదు, వేళ్ళు పైపుల్లో దూరతాయి.

మొదట పాత కంపలో సందులు పూడ్చు. కొత్త వరసకన్నా దానికే తొందర ఫలితం. గచ్చ గింజ ఊరికే పెడితే ఏడాదైనా మొలవదు, పెంకు గట్టి. చిన్నప్పుడు బండ మీద రుద్ది పక్కోళ్ళ చేతికి చురక పెట్టేవాళ్ళం కదా, అట్లాగే ఒక పక్క అరగదీసి రాత్రంతా నానబెట్టు. వాక్కాయ గింజ పండు తిన్న వారంలోనే మట్టిలో పడాలి, దాచిపెడితే పనికిరాదు. వావిలి కొమ్మ గుచ్చితే చాలు, మేకలు ముట్టవు. మేకలు ముట్టనివి ముందు వరసలో, తినేవి వెనక. ఇది మాత్రం మర్చిపోవద్దు. తాటి టెంకలు పండ్లు రాలే రోజుల్లో నేరుగా నాటాలి, పెరిగిన చెట్టును తవ్వి ఇంకోచోట పెడతామంటే నమ్మకు. నీ పదకొండూ ఎక్కడున్నవి అక్కడే ఉండాలి.

వాళ్ళ ఏడున్నర మీటర్లలో డొంక వైపు రెండు వరసల కంప, మొక్కకు మొక్కకు అడుగున్నర, రెండో వరస మొదటిదాని సందుల్లోకి వచ్చేలా. వాక్కాయ, గోరింట, సీమచింత, వావిలి కలిపి పెట్టండి. ఒకటే రకం వద్దు, పురుగు పడితే వరసంతా పోతుంది. వెనక చెట్లు: కానుగ, వేప, నేరేడు, దూరం దూరంగా. మొదటి ఏడు మోకాలెత్తుకు రాగానే తల కొట్టేయాలి. పాపం అనిపిస్తుంది, అయినా కొట్టాలి. లేకపోతే పైకి లేచి కింద ఖాళీ అవుతుంది. దుమ్ము పోయేది ఆ కిందనుంచే.

మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. సెప్టెంబరులో పెడితే తుఫాను వానలకు వేరు పట్టుకుంటుంది. జూన్ ఐదున పర్యావరణ దినం ఫోటో కోసం నాటితే నీ కర్రల తోటే. కడియం నుంచి ఆరడుగుల మొక్కలు లారీలో దించుతామంటారు. సంచిలో వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. మూరెడు మొక్క చాలు.

ఇప్పుడు నీళ్ళ లెక్క. 300 మీటర్లకు రెండు వరసలంటే 1,300 మొక్కల పైమాట. ఒక్కోదానికి వారానికి ఐదు లీటర్లయినా 6,500 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి చాలదు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా వారానికి రెండు ట్యాంకర్లు, రెండు ఎండాకాలాలు. మొక్కల సంఖ్య కాదు, ఈ ట్యాంకర్ల సంఖ్య రాయించు కాగితంలో. చచ్చినవాటి చోట మళ్ళీ నాటాలని కూడా.

రిటైర్డ్ సర్వేయర్, ఒంగోలు:

అమ్మాయి మంచి మాట చెప్పింది. దానికి తోడు ఇది కూడా. పర్యావరణ అనుమతి వస్తే షరతులు ఎంతవరకు అమలు చేశారో ఆరు నెలలకోసారి, జూన్ 1, డిసెంబరు 1 నాటికి రిపోర్టు ఇవ్వాలి వాళ్ళు. నువ్వు ఎట్లాగూ లెక్కపెట్టే మనిషివి. మే ఆఖర్లో నీ లెక్క నువ్వు రాసుకో, తేదీతో ఫోటోలు తీసుకో. వాళ్ళ రిపోర్టులో అంకెకూ నీ అంకెకూ తేడా వస్తే అప్పుడు అర్జీ పెట్టు.

డొంక పక్కోడు:

ఆలస్యానికి క్షమించండి. ఎఫ్‌ఎంబీ నకలు వచ్చింది. సర్వేయర్ సార్ అన్నట్టే విడి నంబరు, నలభై రెండు లింకులు. టేపు పట్టి చూస్తే రెండు గట్లూ లోపలే ఉన్నాయి. పంచాయతీలో అర్జీ ఇచ్చా, రసీదు తీసుకున్నా. క్వారీ మనిషికి నకలు చూపిస్తే కాసేపు చూసి, "మా సార్‌తో మాట్లాడతా అన్నా, గురువారం వచ్చి రాళ్ళు పాతుదాం" అన్నాడు. కోనోకార్పస్ మాట ఎత్తలేదు. గార్లాండ్ డ్రెయిన్ అనగానే మాత్రం నా మొహం వంక అదోలా చూశాడు. మేట్ అన్నా, నీ పేరు చెప్పలేదులే.

నిన్న మా అమ్మ, పాప, నేను కలిసి డొంకంతా నడిచి ఇరవై రెండు చెట్లకు సున్నంతో నంబర్లు వేశాం. పెద్ద కానుగ మొద్దు అడుగు ముప్పావు. కంపలో సందులు తొమ్మిది. అందులో అన్నిటికన్నా పెద్దది ఏనాడో మా అమ్మే కొట్టిందట, గేదెలు తోలుకుపోవడానికి. సర్వేయర్ సార్ రాసింది చదివి వినిపిస్తే, "ఆయనకేం తెలుసు, ఆ సందు పూడిస్తే గేదెలు నీ నెత్తి మీదుగా పోతాయా?" అంది. అక్కా, దీనికి ఏం చేయమంటావు?

నర్సరీ అక్క:

అమ్మ చెప్పినట్టే చెయ్యి. ఆ ఒక్క సందు వదిలేసి ఎనిమిది పూడ్చు. సందుకు రెండు పక్కలా వావిలి గుచ్చు, గచ్చ వద్దు, గేదెల పొదుగు గీరుకుంటుంది.