సమస్యాపూరణం: మీసమున్న పడతి మెప్పుఁ బడసె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం, «మీసమున్న పడతి మెప్పుఁ బడసె». ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ వింతమాటకు అర్థం కుదర్చాలి. బృహన్నల జోలికి మాత్రం పోవద్దు, అందరికీ ముందు తట్టేది ఆయనే. మీ కుర్రతనంలో తిరిగిన జాతరలు, తిరునాళ్ళు, సంబరాల్లోంచే పూరణ రావాలి.

స్వర్ణముఖి:
వదిన చీర కట్టి, వాలుజడను దాల్చి,
బుగ్గ పసుపు పూసి, బొట్టు పెట్టి,
దరువు వెంట నడచి తాతయ్యగుంటకు
మీసమున్న పడతి మెప్పుఁ బడసె.

తిరుపతి గంగజాతరలో మాతంగి వేషం వేసిన రోజు ఇది. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. చాటింపు పడిందంటే ఊళ్ళో కుర్రకారుకు పగ్గాలు ఉండేవి కావు, రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్ళంతా నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గుపొడి, దొరకు గంధమూ నిమ్మకాయల దండా. మాతంగి నాడు చీర. మే నెల ఎండకు పసుపు కారి రవికె నిండా మరకలే. వదిన కుచ్చెళ్ళకు గుచ్చిన పిన్నీసు తాతయ్యగుంట గంగమ్మ గుడి చేరకముందే ఊడిపోయింది. ఒక చేత కుచ్చెళ్ళు, ఇంకో చేత వేపమండ పట్టుకుని నడిచాను. మీసం తీసెయ్యమంటే ససేమిరా అన్నాను, అప్పుడప్పుడే వస్తున్న మీసం మరి! దారిలో ఒక ముసలావిడ ఎదురొచ్చి నాకు దండం పెట్టింది. అంతవరకూ వెకిలిగా నవ్వుతున్నవాణ్ణి నోరు మూసుకున్నాను.

నిర్వాహకుడు:
«తాతయ్య» తగణంలో (రెండు గురువులు, ఒక లఘువు) కుదురుగా కూర్చుంది, ద-తా యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన జోడీ) చెల్లింది. «చీరఁ గట్టి, పసుపుఁ బూసి» అని క, ప లను గ, బ లుగా మార్చి సరళాలు వేస్తే వ్యాకరణానికీ లోటుండదు. అయితే ఒక ఫిర్యాదు. పద్యం కంటే కింద రాసిన మాటలే రుచిగా ఉన్నాయి. ఆ ఊడిన పిన్నీసు పద్యంలోకి ఎక్కవలసింది.

స్వర్ణముఖి:
సరళాలు కావాలనే వదిలేశాను, మా ఇంట్లో ఎవరూ చీరను «గట్టరు». పిన్నీసుకు గణం దొరకలేదు.

నాగావళి:
పాలెగాని జంపఁ బంతమూనిన గంగ
దొరగ నడిచె, వాడు దొరకె నాడు;
శిరము దునుమ జనులు చేతులు జోడింప
మీసమున్న పడతి మెప్పుఁ బడసె.

మగవాళ్ళు చీర కట్టుకుంటేనే సమస్య తీరుతుందా? ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ రోజుకో వేషం వేసినది గంగమ్మ తల్లే కదా. దొర వేషంలో ఆవిడకు మీసం ఉండే ఉంటుంది. మా అమ్మమ్మగారి ఊరు అటువైపే. మీరు వేషాలు కట్టి ఊరేగుతుంటే మేము పొంగళ్ళ కుండల దగ్గర పొగలో కూర్చునేవాళ్ళం.

నిర్వాహకుడు:
«దొరగ... దొరకె» చూసి కాసేపు ఆగిపోయాను. శి-చే యతి కూడా నిర్దోషం. ఈ వారం ఇంతవరకు దీనికే నా ఓటు.

పినాకిని:
కాళ్ళ గజ్జె కట్టి, కుంకుమ పులుముక
చీర కట్టి వచ్చె చెంగు దిప్పి;
బూతుపాట పాడు పోకిరి గుంపులో
మీసమున్న పడతి మెప్పుఁ బడసె.

స్వర్ణముఖి:
పినాకిని గారూ, కుంకుమ పులుముకునేది బండ వేషం నాడు, చీర మాతంగి నాడు. రెండు రోజుల్ని ఒక్కడి ఒంటి మీదికి ఎక్కించారు.

నిర్వాహకుడు:
మొదటి పాదంలో కా-కు యతి కూడా కుదరదు. «కొప్పుఁ బూలు ముడిచి కుంకుమ దిద్దుక» అంటే యతీ వేషమూ రెండూ దారిలో పడతాయి. మూడో పాదం జోలికి పోకండి, జాతర సందడంతా అక్కడే ఉంది.

మూసీ:
నగరమెల్ల కదల నాంపల్లి సంతలో
రాట్నమెక్కి నవ్వె రాణి వోలె;
కూడ నడచు చెలియ, కొత్త సల్వారు క
మీసమున్న పడతి మెప్పుఁ బడసె!

మా హైదరాబాదు వాళ్ళకు సంబరమంటే నుమాయిష్, ఏటా జరిగే ఎగ్జిబిషన్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైందనీ, 1946లో నాంపల్లికి తరలి వచ్చిందనీ ఏటా టికెట్ల వరసలో నిలబడినప్పుడల్లా నాన్న చెప్పేవారు. జనవరి చలి, మిర్చి బజ్జీల పొగ, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకు. ఆ ఏడు మా కాలేజీ అమ్మాయి ఒకరు మొదటిసారి చీర మాని ఈ దుస్తుల్లో వచ్చారు.

నాగావళి:
«క» ను మూడో పాదంలో దాచారా! మీసం తీయకుండానే మాయం చేశారు.

నిర్వాహకుడు:
పాదం చివర పదం విరగడం మన ఛందస్సుకు కొత్త కాదు. నా అభ్యంతరం «కమీసు» మీద. అందరూ అనేది కమీజు. జకారాన్ని సకారం చేసి గట్టెక్కారు. సగం మార్కులే ఇస్తాను.

మూసీ:
సగమే చాలు. ఆవిడ ఇప్పుడు వంటింట్లో ఉన్నారు, మిగతా సగం అక్కడ అడుగుతాను.