కంప్రెసర్ ఆన్ చేస్తే ఎంసీబీ పడిపోతోంది, షెడ్డులో పని మొత్తం ఆగిపోయింది

తెనాలి_800:
పొద్దున్నుంచీ దీని మీదే ఉన్నాను, విసుగొచ్చేసింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో కారు పనులు చేసుకోడానికి చిన్న వర్క్‌షాపు లాంటిది పెట్టుకుంటున్నా. బండి మా నాన్నగారి పాత మారుతి 800, 1998 మోడల్, కార్బురేటర్‌ది. దాని పని అంతా నా చేత్తోనే చేయాలని పట్టుదల. బెంచీ, వైస్, స్పానర్లు అన్నీ అమరాయి. లైట్లు వెలుగుతున్నాయి, గ్రైండర్ తిరుగుతోంది. మొన్న 2 హెచ్‌పీ కంప్రెసర్ తెచ్చా, 50 లీటర్ల ట్యాంకుది. స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది, తిరగబోయి ఆగుతుంది, ఎంసీబీ పడిపోతుంది. షాపులో నా కళ్ళ ముందే నడిపి చూపించారు, అక్కడ ఏ గొడవా లేదు. ఫోన్ చేస్తే లోపం మీ ఇంటి కరెంటులోనే ఉందంటున్నారు. ఎంసీబీ తీసేసి 32 ఆంప్స్‌ది వేస్తే సరిపోతుందా? తెలిసినవాళ్ళు కాస్త త్వరగా చెప్పండి, రేపు ఆదివారం పని పెట్టుకున్నా.

ఒక్కముక్క:
వైరు ఎంత పొడవు? ఎంత సైజు?

భద్రం_ముందు:
కంప్రెసర్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. బెంచీ, వైస్, స్పానర్లు అని రాశావు, జాక్ స్టాండ్ల మాటే లేదు. ఇంట్లో పనిచేసేవాళ్ళలో సగం మంది బండిని జాక్ మీద లేపి అలాగే కిందికి దూరిపోతారు. హైడ్రాలిక్ జాక్‌లో ఉన్నది నూనె, లోపల చిన్న రబ్బరు సీలు, అది ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు. 800 తేలిక బండే, సుమారు 650 కిలోలు, కానీ ఛాతీ మీద పడ్డాక తేలిక ఏమిటి, బరువు ఏమిటి? ఇంకో మాట. ఆ బండికి హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే పడుతుంది. వెనక లేపావంటే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే, ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టాల్సిందే. స్టాండ్ల బదులు సిమెంటు ఇటుకలు, హాలో బ్లాకులు పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. అవి పగిలే ముందు చప్పుడు కూడా చేయవు. నేల మీద పార్కింగ్ టైల్స్ ఉంటే స్టాండు కాళ్ళు గుచ్చుకుని టైలు పగులుతుంది, కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేసుకో. ముందు ఇవి కొను, గాలి సంగతి తర్వాత.

తెనాలి_800:
స్టాండ్లు తీసుకుంటాను అన్నా, కానీ నా ప్రశ్న అది కాదు. వైరు మంచిదే, కొత్తది, బ్రాండెడ్.

ఒక్కముక్క:
పొడవు. సైజు.

స్పానర్_బెజవాడ:
ట్రిప్పర్ పడుతోందంటే ఎర్త్ లీకేజీ అండీ. రేకుల షెడ్డు అన్నారు కదా, ఎక్కడో వైరు రేకుకి తగులుతూ ఉంటుంది. నేల తడిగా ఉన్నా అంతే. ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చెక్ చేయించండి.

కరెంటు_బాబాయి:
లీకేజీకి పడేది ఎంసీబీ కాదండీ, ఆర్‌సీసీబీ. ఈ రెండూ కలిపేసి ట్రిప్పర్ అనడం వల్లే సగం సలహాలు దారి తప్పుతున్నాయి. లైనులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే పడేది ఆర్‌సీసీబీ, ఇళ్ళలో మామూలుగా 30 మిల్లీ ఆంప్స్‌ది పెడతారు, దాని మీద టి అని చిన్న బటన్ ఉంటుంది. ఎంసీబీకి లీకేజీతో పని లేదు. కరెంటు ఎక్కువ లాగితే పడుతుంది, అంతే. బాబూ తెనాలీ, పడేది ఏదో ఫోటో అవసరం లేదు, దాని మీద రాసి ఉన్నది చెప్పు. స్విచ్ వేసిన క్షణంలోనే పడుతోందా, కాసేపు మూలిగాక పడుతోందా, అది కూడా చెప్పు. ఈ రెండూ తెలిస్తే సగం రోగం తేలిపోతుంది.

స్పానర్_బెజవాడ:
మా ఏరియాలో అందరూ ట్రిప్పర్ అనే అంటారు, షాపువాడికి కూడా అదే అర్థమవుతుంది. పేరు ఏదైతేనేం.

కరెంటు_బాబాయి:
షాపులో కొనేటప్పుడు ఏమన్నా పర్లేదు. ఇక్కడ రోగం వెతుకుతున్నాం. రెండూ పడే కారణాలు వేరు, చేయాల్సిన పని వేరు.

తెనాలి_800:
దాని మీద సి16 అని ఉంది. పక్కన టి బటన్ ఉన్నది పడటం లేదు, అది అలాగే ఉంటోంది. వెంటనే పడదు, నాలుగైదు సెకన్లు గుర్ర్ మని మూలిగాక పడుతుంది. సాయంత్రం అయితే ఇంకా ఘోరం, అసలు కదలడమే లేదు.

ప్లానో_గ్యారేజ్:
బ్రో, నేను టెక్సాస్‌లో గ్యారేజ్ సెటప్ చేసుకున్నా, మొదట నాకూ ఇదే ఇబ్బంది. కంప్రెసర్‌కి విడిగా 240 వోల్టుల లైను వేయించుకున్నా, ఇక మళ్ళీ చూడాల్సిన పని లేకపోయింది. నువ్వూ 240 అవుట్‌లెట్ పెట్టించుకో. గోడకి పెగ్‌బోర్డు కొట్టి స్పానర్లన్నీ వేలాడదీస్తే పని ఎంత వేగంగా అవుతుందో చెప్పలేను. నేలకి ఎపాక్సీ కూడా వేయించా, ఆయిల్ పడితే గుడ్డతో తుడిస్తే పోతుంది.

కరెంటు_బాబాయి:
మీ అమెరికాలో మామూలు సాకెట్‌కి వచ్చేది 120, అందుకే పెద్ద మోటారుకి 240 కావాలి. మనకి ప్రతి సాకెట్‌లోనూ 230 ఉంటుంది. ఇక్కడ ఆ సలహా పనికిరాదు.

ఒక్కముక్క:
వైరు పొడవు ఇంకా చెప్పలేదు.

తెనాలి_800:
చెప్తున్నా. షెడ్డు ఇంటికి దూరంగా ఉంది, దొడ్డి చివర. వాషింగ్ మెషిన్ పాయింట్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగా. 30 మీటర్ల చుట్ట. మూడు కోర్‌లది, వైరు మీద 1 స్క్వేర్ ఎంఎం అని ఉంది. గ్రైండర్ దీని మీదే బ్రహ్మాండంగా తిరుగుతోంది కాబట్టి వైరుది తప్పు కాదనుకున్నా.

ఒక్కముక్క:
అదే రోగం.

కరెంటు_బాబాయి:
ఇప్పుడు దారిలోకి వచ్చింది. గ్రైండర్‌లో ఉండేది బ్రష్ మోటారు, వట్టిగా తిరగడం మొదలెడుతుంది, వోల్టేజీ కాస్త తగ్గినా దానికి పట్టదు. కంప్రెసర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు, పిస్టన్‌ని నెట్టుకుంటూ లేవాలి. 2 హెచ్‌పీ నడుస్తున్నప్పుడు లాగేది 10 ఆంప్స్ చుట్టుపక్కలే. లేచేటప్పుడు మాత్రం దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది.

లెక్క చూడు. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు కిలోమీటరుకి దాదాపు 18 ఓమ్‌లు. నీది 30 మీటర్లు, పోనూ రానూ కలిపి 60. అంటే వైరు ఒక్కటే 1 ఓమ్ పైన. మోటారు లేచేటప్పుడు 40 ఆంప్స్ లాగిందనుకున్నా 43 వోల్టులు వైరులోనే కరిగిపోయాయి. 230లో మిగిలింది 187. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గంతో పాటు తగ్గుతుంది, అంటే మూడింట రెండు వంతులే మిగిలింది. దానితో పిస్టన్ పైకి ఎక్కదు, మోటారు వేగం అందుకోదు, అందుకోనంతసేపూ ఆ 40 ఆంప్స్ తగ్గవు. సి16 అంటే 16 ఆంప్స్ ఎంసీబీ, అలాంటి లోడుని కొన్ని సెకన్లు ఓర్చుకుని, లోపల పట్టీ వేడెక్కాక పడుతుంది. నువ్వు చెప్పిన నాలుగైదు సెకన్లు అదే. షార్ట్ అయితే మూలిగే టైమే ఉండదు, టప్‌మని పడుతుంది. సాయంత్రం అందరూ మోటార్లు, ఏసీలు వేస్తారు, లైనులోనే వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి ఇంకా మొరాయిస్తుంది.

ఇక 32 ఆంప్స్ ఎంసీబీ మాట మళ్ళీ ఎత్తకు. ఎంసీబీ ఉన్నది మోటారుని కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరుని కాపాడటానికి. నీ పాయింట్‌కి మహా అయితే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేసి ఉంటారు, అది పైపులో మోయగలిగేది 20 ఆంప్స్ చుట్టుపక్కల. 32 పెడితే ఎంసీబీ హాయిగా కూర్చుంటుంది, వైరు గోడలో కాలుతుంది. నీ చుట్ట వైరు ఇంకా ముందే. చుట్ట విప్పకుండా వాడుతున్నావేమో కూడా చూసుకో, చుట్ట మీద ఉన్న వైరుకి వేడి పోయే దారి ఉండదు. చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది.

రంగుల_బూత్:
కంప్రెసర్ పెయింట్ కోసమా? అయితే ఒక మాట. డెల్టాలో గాలిలో చెమ్మ ఎక్కువ, ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి. పని అయిన ప్రతిసారీ కింద డ్రెయిన్ తిప్పి వదిలేయండి, లేకపోతే ట్యాంకు లోపల తుప్పు పట్టి పలచబడుతుంది. వాటర్ సెపరేటర్ లేకుండా స్ప్రే చేస్తే బానెట్ మీద చిన్న చిన్న కళ్ళు పడతాయి, మళ్ళీ మొత్తం గీకాలి. హార్డెనర్ కలిపే 2కె పెయింట్ అయితే మూతికి గుడ్డ కట్టుకుని కొట్టకండి, అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ ఉబ్బసం జీవితాంతం వదలదు.

స్పానర్_బెజవాడ:
వైరు లెక్క ఒప్పుకుంటా. కానీ నాన్ రిటర్న్ వాల్వ్, అంటే ట్యాంకులో గాలి వెనక్కి రాకుండా ఆపేది, అది కూడా చూడాలి. కంప్రెసర్ ఆగగానే ఒక సెకను తుస్ మని చప్పుడు వస్తుంది చూడండి, హెడ్డు మీద గాలి వదిలేయడం అది. ఆ చప్పుడు రాకపోయినా, వాల్వ్ కారుతున్నా, మళ్ళీ లేచేటప్పుడు పిస్టన్ మీద గాలి కూర్చుని ఉంటుంది. మా ఆటోనగర్‌లో ఇలాంటివి రోజూ వస్తాయి. సగం మంది మోటారు పోయిందని వైండింగ్‌కి ఇచ్చేస్తారు, తీరా చూస్తే పది నిమిషాల పని.

కరెంటు_బాబాయి:
అది సరైన మాట. డ్రెయిన్ తెరిచి ట్యాంకు ఖాళీ చేసి స్టార్ట్ చెయ్. ఖాళీగా లేచి, గాలి నిండాక మళ్ళీ లేవనంటే వాల్వ్. ఖాళీగా ఉన్నా మూలిగితే వైరు, లేదా మోటారు లేవడానికి ఊతమిచ్చే కెపాసిటర్. కెపాసిటర్ డబ్బా ఉబ్బిందేమో కంటితోనే కనిపిస్తుంది, కానీ మూత తీసే ముందు ప్లగ్గు పీకు.

భద్రం_ముందు:
షెడ్డులో గొయ్యి తవ్వే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. తెనాలి నేలలో వానాకాలం గోతిలోకి నీళ్ళు ఊరతాయి. పైగా పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగి గోతిలో కూర్చుంటుంది. కార్బురేటర్ విప్పేటప్పుడు కారిన పెట్రోలు అక్కడ చేరితే ఒక్క గ్రైండర్ రవ్వ చాలు. ఇంజను నడిపేటప్పుడు షెడ్డు తలుపులు రెండూ తెరిచి ఉంచు. స్టాండ్ల సంగతి మర్చిపోకు, కనీసం రెండు, కుదిరితే నాలుగు.

ప్లానో_గ్యారేజ్:
ఇంతకీ టార్క్ రెంచి తీసుకున్నావా? అల్యూమినియం హెడ్డు బోల్టులు చేతి అంచనాతో బిగించకూడదు.

తెనాలి_800:
గొయ్యి లేదన్నా. ట్యాంకు ఖాళీ చేసి చూశా, షెడ్డులో అప్పుడూ మూలుగుడే. అయితే ఇప్పుడేం చేయాలి, 30 మీటర్లూ లావు వైరు కొనాలా?

కరెంటు_బాబాయి:
పర్మనెంటుగా కావాలంటే మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకి విడిగా 4 స్క్వేర్ ఎంఎం లాగించు, అదే 40 ఆంప్స్‌కి 11 వోల్టులే పోతాయి. షెడ్డులో చిన్న బోర్డు, ఒక ఆర్‌సీసీబీ, సరైన ఎర్తు, రేకులకి కూడా ఎర్తు కలపాలి. రేపటికే కావాలంటే కంప్రెసర్‌ని ఇంటి దగ్గరే ఉంచు, వాషింగ్ మెషిన్ పాయింట్‌లో నేరుగా ప్లగ్గు పెట్టు, గాలి పైపు మాత్రం షెడ్డు దాకా లాగు. లోపలి రంధ్రం 10 ఎంఎం ఉన్న పైపు తీసుకో. గాలి ట్యాంకులో నిలవ ఉంటుంది కాబట్టి దూరానికి కాస్త ప్రెషర్ తగ్గినా మోటారు లేవడానికి దానితో సంబంధం లేదు. షెడ్డులో ఆ చప్పుడూ ఉండదు.

ఒక్కముక్క:
పైపు చివర ఇంకో రెగ్యులేటర్ పెట్టు.

తెనాలి_800:
ఇంటి దగ్గర డైరెక్టుగా పెట్టా, ఒక్క దెబ్బకి లేచింది. ట్యాంకు నిండి ఆగింది, తుస్ మంది, గాలి వదిలితే మళ్ళీ లేచింది. పైపు కోసం బజారుకి వెళ్తున్నా. థాంక్స్ అందరికీ.

భద్రం_ముందు:
వెళ్తున్నావు కదా, స్టాండ్లు కూడా అదే చేత్తో తెచ్చుకో.

రంగుల_బూత్:
సెపరేటర్ పైపు చివర, గన్ దగ్గర పెట్టండి. కంప్రెసర్ దగ్గర పెడితే పైపులో చల్లబడ్డాక మళ్ళీ నీళ్ళు పడతాయి.

పాత_జెన్:
ఇదంతా చదివాను, నాదీ దాదాపు ఇలాంటిదే, కానీ మాకు పడేది టి బటన్ ఉన్నది. వర్షం పడ్డ రోజు మాత్రమే పడుతోంది, ఎండగా ఉంటే ఏమీ లేదు. షెడ్డు వైరు భూమిలోంచి పైపులో వేశారు. ఎక్కడ మొదలెట్టాలి?

ఒక్కముక్క:
భూమిలో జాయింట్ ఉందా?